మాచిపత్రి సెగ

సెలూన్ తమ్ముడు నవ్వుతూ సూదులక్క గదిలోకి వచ్చాడు. వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. సెలూన్‌కు ఎదురు గదిలో సూదులతో చైనా పద్ధతి వైద్యం చేసే ఆమెను సూదులక్క అంటారు. మధ్యలో రోడ్డు ఒక్కటే అడ్డం.

“నొప్పి పోయిందక్కా. మెడలో లేదు, రెక్కలో లేదు. నీ చేతికి దండం పెట్టాలి.”

“ముందు చెప్పులు బయట వదులు. దండం తర్వాత.”

మెడలో మొదలై కుడి బొటనవేలి దాకా లాగే నొప్పితో అతను వానలకు ముందు నుంచీ వస్తున్నాడు. సెలూన్‌లో గడ్డం గీసేది అతనొక్కడే. ఈ చెయ్యి పడిపోతే షట్టర్ దించుకోవడమే అని వచ్చినప్పుడల్లా అనేవాడు. ఈ రోజు అనలేదు.

బల్ల మీద కూర్చుని, మాట్లాడుతూ కుడి చెయ్యి పక్కకు చాపాడు. వేళ్లు పక్కనున్న కాపడం దీపం వేడి ఇనుప జాలీకి ఆనుకున్నాయి. దీపం వెలుగుతోంది. అతను మాట ఆపలేదు, చెయ్యి తీయలేదు. ఆమే లాగింది.

“చూసుకోలేదక్కా.”

సూదులు తీశాక ఆమె మాచిపత్రి సెగ పెడుతుంది. ఎండిన ఆకును చుట్టలా చుట్టి, చివర అంటించి, చర్మానికి తగలకుండా పట్టుకుంటుంది. వేడి ఓర్చుకోలేనప్పుడు మనిషి “చాలు” అనాలి. ఎక్కడ ఆపాలో ఆమెకు తెలిసేది ఆ మాటతోనే. ఇన్నాళ్లూ అతను కూర్చుని, చుట్టను చూస్తూ, సరిగ్గా సమయానికి చాలు అన్నాడు.

“ఈ రోజు బోర్లా పడుకో.”

అతను బల్లకున్న రంధ్రంలో ముఖం పెట్టాడు. ఆమె ఒక చుట్ట అంటించి పళ్లెంలో ఉంచింది. పొగ గదిలోకి పాకింది. ఇంకో చుట్ట, అంటించనిది, అతని బొటనవేలి పక్కన పట్టుకుంది.

“సెగ తగులుతోందా?”

“తగులుతోంది.”

“ఎక్కువైతే చెప్పు.”

అతను పొగ వాసన పీల్చాడు.

“చాలక్కా, కాలుతోంది.”

అతను లేచి కూర్చున్నాక ఆమె చుట్ట చివర చూపించింది. అది నల్లబడలేదు.

“ఎప్పటినుంచిరా ఇది?”

అతను చొక్కా గుండీలు పెట్టుకోబోయాడు. కుడి చేతికి దొరకలేదు. ఎడమ చేత్తో పెట్టుకున్నాడు.

“నొప్పి తగ్గినప్పటి నుంచి. తిమ్మిరి, అంతే. నొప్పి కంటే నయం కదా.”

“తగ్గలేదురా. నరం నలిగి, చెప్పడం మానేసింది. నా సూదులతో అయ్యే పని కాదిది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పో. మెడకు స్కాన్ తీయించుకో. కత్తి ముట్టుకోకు.”

“బావకు మాత్రం చెప్పకక్కా. ఆయనకు తెలిస్తే వీధికి మైకు పెట్టినట్టే. ఇంకెవరు కూర్చుంటారు నా కుర్చీలో?”

“వెళ్తావా?”

“వెళ్తాను.”

అతను వెళ్లాక ఆమె బల్ల మీద దుప్పటి మార్చింది. పొగ పోవడానికి కిటికీ తెరిచింది. ఎదురుగా షట్టర్ ఎత్తే ఉంది. కుర్చీలో ఆమె భర్త తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. గొంతు దాకా నురగ.

ఆమె రోడ్డు దాటి గుమ్మంలో ఆగిపోయింది. పిలిస్తే ఉలిక్కిపడతారు, ఇద్దరిలో ఎవరో ఒకరు.

“మా ఆవిడ సూది పడితే రోగం పారిపోవాల్సిందే,” అంటున్నాడు భర్త. “నేను పారిపోలేదంటే నా ఓపిక.”

“నవ్వించకు బావా. కదులుతున్నావు.”

కత్తి గొంతు మీదుగా గడ్డం వైపు వచ్చింది. నురగ మీద ఒక ఎర్ర చుక్క పడింది. సెలూన్ తమ్ముడు ఆగి, తువ్వాలుతో తుడిచాడు. చర్మం తెగలేదు. అటు పక్క తుడిచాడు. అక్కడా లేదు. ఇంకో చుక్క పడింది. అతను వంగి, బావ గొంతంతా వెతికాడు.

“తెగిందా?” అన్నాడు భర్త.

“ఎక్కడా కనబడటం లేదు బావా.”

సూదులక్క లోపలికి వచ్చి సెలూన్ తమ్ముడి కుడి మణికట్టు పట్టుకుంది. అతని బొటనవేలు మడత దగ్గర తెగి తెరుచుకుని ఉంది. అతను దాన్ని ఇంకొకరి వేలిని చూసినట్టు చూశాడు. తర్వాత చూపు ఆమె వైపు తిప్పుకున్నాడు.

“కత్తి కింద పెట్టు,” అంది ఆమె.

“పెట్టేశాను కదక్కా,” అన్నాడు.

కత్తి అతని వేళ్ల మధ్యే ఉంది.