ఆకొన్నవారి పంక్తి

శ్రావణమేఘములు సముద్రముపై మదగజములవలె నొండొంటి నొరసికొనుచు నిలిచియుండ, తరంగములు భీమునిపట్టణపు టిసుకతిన్నెలను నురుగుతో గడుగుచుండ, తడిసిన కొబ్బరిమట్టలనుండి నీరు బొట్లుబొట్లుగా జాఱుచున్న యొక శుక్రవార మధ్యాహ్నమున ఆంగ్లోపాధ్యాయుడగు చయనం అప్పలనరసింహముగారి యింట వరలక్ష్మీవ్రతము జరుగుచుండెను. వంటయింట వేగుచున్న గారెల కమ్మని వాసన గోడలుదాటి పడమటిగదిలో ప్రవేశించి, సన్నిపాతజ్వరము విడిచి శల్యావశిష్టయై పరుండియున్న యాయన యేకపుత్రిక వింధ్యవాసినిని వేధించుచుండెను.

జ్వరము విడిచెను గాని దాని వెనుక దారుణమగు నాకలి మేల్కొనెను. పేగులింకను పుండ్లుపడియున్నవనియు, నాడి నిలకడజెందువఱకు జావనీరు దప్ప గట్టిపదార్థ మొకింత లోనికి బోయినను ప్రాణములు దక్కవనియు వైద్యులు సోమయాజులుగారు కఠినముగా శాసించియుండిరి.

“నాన్నగారూ, గోడసున్నమైనా గీక్కుని తినేస్తానండీ” అని యా బాలిక విలపించెను.

కూతుఁ జూచి యేమియు దోచక యా పండితుడు తాను చదువుచుండిన ప్రాచీనాంగ్లపదకోశమును దెఱచెను.

“ఇంగ్లీషువాళ్ల పూర్వులు వెయ్యేళ్ల కిందట ఇలాంటి ఆకలిగొన్నవాణ్ణి ఏమనేవారో తెలుసా అమ్మా? యీవ్రె.”

“యీవ్రె! పలుకుతుంటేనే పళ్లన్నీ బయటపడుతున్నాయండీ. మరి మణికట్టులో కొట్టుకునే ఈ నరానికో?”

“ఆద్రె.”

“అయితే వాళ్లకీ చెయ్యి పట్టుకుని చూసే సోమయాజులుగారు ఉండేవారా?”

“ఇంత విసుక్కునేవాడు ఉండకపోవచ్చు” అని తండ్రి నవ్వి వ్రతమునకు మఱలెను.

వింధ్యవాసిని నవ్వలేదు. హిమధూమావృతమగు నే ద్వీపముననో పొగచూరిన పూరిపాకలో నొక తల్లి రోగియగు బిడ్డ మణికట్టు బట్టుకొని “యీవ్రె” యను నా మాటనే యుచ్చరించి యుండును గదా యని యామె మనస్సు విస్మయనిమగ్నమాయెను. ఆ తల్లియు లేదు, ఆ బిడ్డయు లేదు, వారి యెముకలును మన్నైపోయెను. నిప్పుకణమువలె నా మాటమాత్ర మిన్ని తరములుదాటి యీ పడమటిగదికి వచ్చెను.

అంతలో మేనత్త రాజ్యము కొంగుచాటున గారెను దాచికొని మెల్లగా లోనికి వచ్చెను.

“తినవే వింధ్యా. ఆ సోమయాజులు తను కడుపునిండా బొబ్బట్లు మెక్కి నిన్ను మాడుస్తున్నాడు. ఇది అమ్మవారి ప్రసాదమే పిచ్చిదానా! ప్రసాదం ఎవరికైనా కీడు చేస్తుందా?”

వింధ్యవాసిని గారెను పెదవులకు జేర్చెను. వేడి తగిలెను. నోరూరెను. ఒడలెల్ల నొక్క నోరై తెఱచికొన్నట్లాయెను. ఆ క్షణముననే యామె యెడమచేతి వ్రేలు కుడి మణికట్టుపై బడగా, నచ్చట నూలుపోగువంటి నరము తడబడుచు గొట్టుకొనుచుండెను. ఆమె యప్రయత్నముగా “యీవ్రె” యనెను. పేరుతో బిలువబడిన యా యాకలి తానుగాక తన యెదుట గూర్చుండి తననే చూచుచున్న ప్రాచీనమృగముగా దోచెను.

“అత్తా, కళ్లకద్దుకున్నాను. చాలు. పట్టుకెళ్లిపో, నాకు కనబడనీకు.”

“మొండిఘటం! అచ్చం మీ నాన్నవే” అని గద్దించిన రాజ్యమున కా గారెను దాను దినుటకును చేతులాడలేదు.

కొన్నిదినములకు సోమయాజులుగారు నాడిని బరీక్షించి తలయూచి, “ఇక పథ్యం పెట్టండి. పాతబియ్యం మెత్తగా వండి చారు కలపండి. గారెలు నేను చెప్పేదాకా వద్దు” అని రాజ్యమువైపు జూచెను. ఆమె తలవంచికొనెను.

అరటియాకున నన్నము పొగలుగ్రక్కుచుండెను. ఆవురావురుమని కబళింపవలసిన యా బాలిక, భోజనమునకుముందు తండ్రి నిత్యము చేయు విధమున గొన్ని మెతుకులు తీసి యాకు ప్రక్కన బెట్టెను.

“ఎవరికమ్మా అవి?”

“ఆ యీవ్రె మాట అన్నవాళ్లకి నాన్నగారూ. వాళ్లకి అన్నం దొరికిందో లేదో పుస్తకంలో లేదుగా.”

ఉపాధ్యాయుడు కూతుప్రక్కన నేలపై గూర్చుండెను. వింధ్యవాసిని మొదటిముద్దను నోట బెట్టుకొని కన్నులు మూసికొనెను. వేఱుగా నుంచిన మెతుకులనుండి లేచిన సన్నని యావిరి కిటికీదాటి వానలో గలసి సముద్రమువైపు సాగిపోవుచుండెను.