మనిషి ఎక్కని బండి

పొద్దుటి నుంచి పదకొండో చక్రం విప్పుతున్నాడు ఆర్లో. మోకాళ్ల మీద కూర్చుని, పాత టైరును రిమ్ము నుంచి ఊడదీసి, వేలితో లోపలి అంచు తడిమి చూసి పక్కకు దొర్లించాడు. అరవై ఏడేళ్ల మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. అరచేతి గీతల్లో ఇంకిన రబ్బరు నలుపు ఏ సబ్బుకూ లొంగదు. వదిలించుకోవాలన్న పట్టుదల అతనికీ లేదు.

జనవరి వచ్చిందంటే అరిజోనా ఎడారిలోని ఆ ఊరికి ఊపిరాడదు. ఉత్తరాది మంచుకు భయపడి ముసలీ ముతకా అంతా ఇళ్లలాంటి ట్రెయిలర్లు బళ్లకు తగిలించుకుని దిగిపోతారు. ఇంతా చేసి వాళ్లు మంచు తప్పించుకుంటే, టైర్లు ఎండకు పగులుతాయి. ఆర్లో సొంత ట్రెయిలర్, అతను పనిచేసే టైర్ల షాపు వెనక ఖాళీ స్థలంలో ఉంటుంది. ఆరేళ్లుగా ఉద్యోగమూ అక్కడే, కాపురమూ అక్కడే. కాపురమంటే ఒక్కడే.

యజమాని కర్ట్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. అతనికీ ఆర్లోకూ ఒక్క విషయంలోనే పడదు. కారు టైరు మారిస్తే చక్రాన్ని మిషన్ మీద తిప్పి, బరువు ఎటు మొగ్గిందో చూసి, అంచుకు చిన్న సీసపు ముక్క కొట్టి బ్యాలెన్స్ చేస్తారు. ట్రెయిలర్ టైరుకు ఆ ఊళ్లో ఎవరూ చేయరు. అందులో ఎవరు కూర్చుంటారని? వెనక ఖాళీ పెట్టె అదిరితే ఎవరికి నష్టం? ఆర్లో మాత్రం అడక్కపోయినా చేస్తాడు. పైగా ఆ చక్రాలు నడిమి రంధ్రంతో మిషన్ మీద కుదురుగా కూర్చోవు, బోల్టు రంధ్రాలకు పట్టించి ఎక్కించాలి. అతను ఒక బండి పంపేలోగా రెండు బళ్ల పని అయిపోవచ్చు.

"పెద్దాయనా, ఇదే ఆఖరు, మళ్లీ చెప్పను," అన్నాడు కర్ట్ ఆ పొద్దున. "ఇంకొక్క ట్రెయిలర్ చక్రం ఆ మిషనెక్కిందా, నీ బండి తగిలించుకుని వెళ్లిపోవడమే. వేళాకోళం అనుకోకు."

"అనుకోలేదులే," అన్నాడు ఆర్లో.

మధ్యాహ్నం ఫేయ్ అనే ఆవిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఒక్కతే ట్రక్కు నడుపుతోంది. ట్రెయిలర్‌కు నాలుగు టైర్లూ మార్చమంది.

"లోపల ఎవరైనా ఉన్నారామ్మా? జాకీ ఎక్కించాలి."

"ఎవరూ లేరు. ట్రెయిలర్లో ఎవరుంటారండీ?" అంది, అంత అవసరం లేకపోయినా గట్టిగా.

ఆర్లో మొదటి నట్టు వదులు చేశాడో లేదో లోపల దగ్గు వినిపించింది. ఇద్దరూ విననట్టే నిలబడ్డారు. మళ్లీ వినిపించింది.

"మీ బండికి జలుబు చేసినట్టుందమ్మా," అన్నాడు.

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. "మా ఆయన, రసెల్. వెన్నులో కాన్సర్. ముందు సీట్లో పది మైళ్లు కూడా కూర్చోలేకపోయాడు. ఐడహోలో మా ఇంట్లోనే పోతానంటాడు. మంచమ్మీద పడుకోబెట్టి తీసుకెళ్తున్నా. నడిచే ట్రెయిలర్లో మనిషి ఉండకూడదట, పోలీసులకు తెలిస్తే దింపేస్తారు. ఎవరికీ చెప్పకండి బాబూ."

"ప్రయాణం ఎలా ఉందంటాడు?"

"బానే ఉందంటాడు. నిన్నట్నుంచీ దుప్పటి అంచు పళ్లతో కరిచిపెట్టుకుంటున్నాడు."

ఆర్లో చేతిలో పానా ఆగిపోయింది. వెల్మా కూడా బానే ఉందనే అంది. ఆరేళ్ల కిందట, జబ్బు ఎముకలకు పాకిన భార్యను మోంటానా నుంచి ఇక్కడి ఎండకు తెచ్చాడు. కూర్చోలేనంటే వెనక ట్రెయిలర్లో పడుకోబెట్టాడు. బయల్దేరే ముందు వారమే దాని నాలుగు టైర్లూ తనే వేశాడు. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్నవాడు, ట్రెయిలరే కదా అని బ్యాలెన్స్ చేయకుండా బిగించాడు. వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణం. తలుపు తీసేసరికి అలమరలోని గిన్నెలన్నీ నేల మీదున్నాయి, ఆమె కింది పెదవి రక్తం కట్టి ఉంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. ఆమె జబ్బుతోనే పోయింది, అది అతనికి తెలుసు. కానీ ఆ దారిలో పడిన నరకం మాత్రం తన చేతి పని. క్షమాపణ అడుగుదామంటే, ఆమె అసలు ఫిర్యాదే చేయలేదు.

"ఒక్కో చక్రమే లేపుతాను. కదలకుండా పడుకోమని చెప్పండి," అన్నాడు ఆర్లో. బండి కింద నాలుగు మూలలా మొద్దులు పెట్టాడు. కొత్త టైరు వేసిన మొదటి చక్రాన్ని మిషన్ దగ్గరకు దొర్లించాడు.

రెండో చక్రం తిరుగుతుండగా కర్ట్ వచ్చాడు.

"పొద్దున ఏం చెప్పాను?"

"చెప్పావు."

"మరి?"

ఒక్క మాట చెబితే కర్ట్ కోపం చల్లారేది. ఆ మాటతోనే ట్రెయిలర్ కూడా అక్కడే ఆగిపోయేది. మనిషి ఉన్న ట్రెయిలర్‌ను తన షాపు నుంచి రోడ్డెక్కనిచ్చే ధైర్యం కర్ట్‌కు లేదు. ఆర్లో సీసపు ముక్కను అంచున పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు.

"దీని తర్వాత ఇంకో రెండున్నాయి," అన్నాడు.

"సరే. నీ ఇష్టం. ఇవాళ్టితో సరి," అని కర్ట్ వెళ్లిపోయాడు.

ఫేయ్ బండి హైవే ఎక్కేదాకా ఆర్లో గుమ్మంలోనే నిలబడ్డాడు. చక్రాలు నాలుగూ నిబ్బరంగా తిరుగుతున్నాయి. ఆరేళ్లలో మొదటిసారి అతనికి గుండె మీద బరువు కాస్త తగ్గినట్టనిపించింది, పూర్తిగా కాకపోయినా.

నాలుగింటికి తన ట్రెయిలర్ చక్రాలు విప్పి తెచ్చాడు. ఒకదాని తర్వాత ఒకటి మిషన్ మీద తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇదేంటి పెద్దాయనా? అందులో ఎవరుంటారని?" అన్నాడు కర్ట్.

"ఎవరూ లేరు," అన్నాడు ఆర్లో. తల ఎత్తలేదు.

ఆ గొంతు విని కర్ట్ గాలి గొట్టం తెచ్చి చేతికందించాడు. మర్నాటి నుంచి బళ్ల వరుస ఎలా తెమల్చాలో అతనికీ తెలియదు. ఉండమని మాత్రం అనలేకపోయాడు.

పొద్దు వాలకముందే ఆర్లో బండి దక్షిణం వైపు వెళ్లిపోయింది. షాపు వెనక ఆరేళ్లు ఎండ తగలని నేల పాలిపోయి కనిపిస్తోంది. దాని అంచున మూడు చెక్క మెట్లు మిగిలాయి. కాలు ఎత్తలేని మనిషి కోసం, మెట్టుకు నాలుగంగుళాలకు మించకుండా ఒక్క పూటలో కోసి కొట్టినవి; వెల్మా వాటిని రెండుసార్లే దిగింది.