బాగ్దాదులో ఆగని బాణం

ఏడో తరగతి చరిత్ర పుస్తకానికి ఛాయాదేవి చాలా పాఠాలే రాసింది గానీ, ఆమెకు ప్రాణమైంది ఒకటే. మన అంకెలు బాగ్దాదు చేరడం, అక్కడి పండితులు వాటితో లెక్కల గ్రంథాలు రాయడం, అవి లాటిన్‌లోకి మారి యూరప్‌లో పాఠాలు కావడం. యూరప్ వైద్య విద్యార్థులు వందల ఏళ్లు ముస్లిం వైద్యపండితుడు ఇబ్న్ సీనా గ్రంథమే వల్లెవేశారని కూడా చేర్చి, రెండు పేజీలు పరవశంగా నింపింది.

దేశ రాజధానిలో, సాకేత్‌లోని ప్రచురణ సంస్థ ఎడిటర్ రఘునందన్‌కి పరవశాలు పడవు.

"పాఠం ఫస్ట్ క్లాస్ మేడమ్. మన అంకెలు యూరప్‌ని ఉద్ధరించాయన్నది ఉంచుదాం. మధ్యలో ఈ బాగ్దాద్ ఎందుకండీ? ఏ స్కూలు కమిటీలోనో ఎవరో పేచీ పెడతారు."

"వాళ్లు లేకపోతే అంకెలు యూరప్ ఎలా చేరాయండీ?"

"చేరాయి కదా! పిల్లలకది చాలు. అన్నట్టు, మీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఈ నెలే కదూ?"

ఎంత మర్యాదగా అడిగాడో! ఛాయాదేవి ఆ రెండు పేజీలకు కత్తెర వేసింది. పాఠం మ్యాపులో అంకెల దారి చూపే బాణం ఉజ్జయినిలో లేచి తిన్నగా ఇటలీలో దిగింది. మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కి, రోజూ రాజీవ్ చౌక్ తోపులాటలో రైలు మారి ఆఫీసుకొచ్చే ఆమెకు, ఎక్కడా మారకుండా వెళ్లే ఆ బాణాన్ని చూస్తే కుళ్లు కూడా పుట్టింది. టీచర్ల కోసం జవాబుల పుస్తకం కూడా ఆమే రాసింది: 'నేరుగా చేరాయి.' కాంట్రాక్ట్ రెన్యూ అయింది.

మరుసటేడు ఆ పుస్తకం కూతురు నేహా బడికే వచ్చింది. ఛాయాదేవి మురిసిపోయి అట్ట వేసింది. ఆ పాఠం మాత్రం ఇంట్లో కూతురికి పుస్తకం మూసి చెప్పింది, కోసేసిన రెండు పేజీలతో సహా. మనసు ఎంత తేలికపడిందో!

నెల తిరక్కుండానే నేహా టెస్టు పేపరు తెచ్చి బల్లమీద పడేసింది. తల్లిదండ్రుల సంతకం కావాలి. అంకెలు యూరప్ ఎలా చేరాయన్న ప్రశ్నకు పిల్ల బాగ్దాదు మీదుగా పది లైన్లు రాసింది. పక్కన ఎర్ర ఇంకుతో గుండ్రంగా సున్నా.

"మమ్మా, నువ్వే కదా చెప్పావ్!" నేహా ఆ సున్నా మీద వేలు పెట్టింది. "టీచర్ మేమ్‌కి అదే చెప్తే, మీ మమ్మీని ముందు బుక్ చదవమను అన్నారు."

ఛాయాదేవికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బడికి వెళ్లి నిజం చెప్పాలంటే, ముందు తన జవాబుల పుస్తకం సంగతి చెప్పాలి. ఆ సున్నా కేసి చూసింది. అది ఉజ్జయినిలో బయల్దేరి, బాగ్దాదులో ఆగి, యూరపంతా తిరిగి, టీచరమ్మ కలం దాకా వచ్చింది పాపం.

"సైన్ కరో నా, మమ్మా."

ఛాయాదేవి దాని కిందే సంతకం పెట్టింది. పుస్తకం మొదటి పేజీలో రచయిత్రిగా అచ్చయిన పేరే.