వృషభరాశి వారికి

మీనరాశికి నిన్న రాసిన వాక్యాన్ని ఎత్తి కన్యారాశిలో పెట్టి, ‘బంధువుల రాక’ తీసేసి ‘పాత మిత్రుల కలయిక’ అని మార్చాడు దయాసాగర్. మధ్యాహ్నం లోపు పన్నెండు రాశుల వాళ్ల రేపటి భవిష్యత్తు పంపేయాలి.

తెలుగు ఎమ్మే చదివి, టీచరు పోస్టుకి పరీక్షలు రాసి రాసి విసిగి, హైదరాబాదులోని ఒక వెబ్‌సైటుకి ఇంట్లోంచే రాసే పనిలో పడ్డాడు. చూడని ఊళ్ల గురించి, తినని హోటళ్ల గురించి, కొనలేని ఫోన్ల గురించి రాశాడు. కిందటేడు రాశిఫలాలు అంటగట్టారు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాటలు పాడే మనిషి, మిగతా రోజుల్లో విశ్వంభర సిద్ధాంతి. తెల్లగడ్డంతో ఉండే ఆ సిద్ధాంతి బొమ్మ కంప్యూటరు గీసిందే. దేవరాపల్లిలో ఉన్న తల్లి రెజీనాకి తెలిస్తే అన్నం మానేస్తుంది. పోనీ పని మానేద్దామంటే ఇంకోటి లేదు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. రోజూ ఎవరో ఒక రాశివాళ్లని భయపెట్టాలి. భయపడ్డవాళ్లే చివరిదాకా చదువుతారట. అందరినీ భయపెట్టాడు గానీ వృషభం జోలికి మాత్రం పోలేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు పైడితల్లిది వృషభం. పొద్దున్నే ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అది చదివి వినిపించే సిద్ధాంతిగారి మాట వింటే గానీ ఆవిడ టీ తాగదు. ఎడిటరు ఉదయ్‌కుమార్ ఈ పక్షపాతం పట్టేసి నిన్న ఫోన్లో చీవాట్లు పెట్టాడు. దాంతో రాసి పంపాడు: వృషభరాశి వారికి ప్రయాణగండం, ఇల్లు కదలరాదు.

కింద ఆటో ఆగింది. వెంటనే సత్యారావు గొంతు లేచింది. పైడితల్లి తమ్ముడు. దయాసాగర్ కిందికి దిగాడు.

“రాత్రి నుంచీ గుండెల్లో బరువుగా ఉందంటాది. అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెల్దామని ఆటో ఏసుకొస్తే, ఇయాల రానంటాది. నువ్వైనా సెప్పు బాబూ,” అన్నాడు సత్యారావు.

పైడితల్లి అరుగు మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి, పైపెదవి మీద చెమట పట్టి ఉంది.

“సిద్ధాంతిగారు గండం ఉందన్నారు. రేపెల్తాను.”

“అవన్నీ ఉత్తుత్తివి పిన్నీ. వెళ్లు.”

“నువ్వు సర్చీకెల్లే గుంటడివి. నీకేటి తెలుస్తాది?”

దయాసాగర్ వీధి తలుపు వైపు చూసి, చెప్పేశాడు. “అది రాసింది నేనే.”

పైడితల్లి నొప్పిలోనూ నవ్వింది. “ఆయన గడ్డం సూసేవా? నీకింకా మీసవే సరిగ్గా రాలేదు.”

ఫోన్లో రాసింది చూపిస్తానన్నాడు. ఆవిడ చూడనంది. సిద్ధాంతిగారిని వేళాకోళం చేస్తే కళ్లు పోతాయంది. ఆటో ఖాళీగా తిరిగిపోయింది. వెళ్తూ సత్యారావు కూడా అతన్ని అదోలా చూశాడు.

మళ్లీ కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఉదయ్‌కుమార్ కబురు పెట్టి ఉన్నాడు. వృషభం అదరగొట్టింది, రేపు కూడా గండమే ఉండాలని. దయాసాగర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. రేపటి వృషభం మాత్రం తనకు తోచినట్టే రాశాడు. ప్రయాణం శుభప్రదం, వైద్యుడి దర్శనం తప్పక చేయాలి, ఆలస్యం పనికిరాదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా రాశాడు. ఇంత నిజాయితీగా అతను ఏదీ రాయలేదు. పంపేసి, ఇక ఈ ఒక్కరోజూ గడిస్తే చాలనుకున్నాడు.

భోజనాల వేళ దాటాక కింద ఏడుపు వినబడింది.

పైడితల్లిని అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు చేరారు. దయాసాగర్ మెట్ల మీదే ఆగిపోయాడు. సత్యారావు వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

“ముందే సెప్పేరు బాబూ ఆయన, గండం ఉందని. పొద్దున్న బయల్దేరుంటే దార్లోనే పోయేది. ఆయన దయవల్ల ఇంట్లో పోయింది,” అంటూ, కళ్లు తుడుచుకుని, ఫోను తీశాడు. “నాది ఏ రాసో కాస్త సూసి సెప్తావా?”

దయాసాగర్ పెరటి వైపు చూశాడు. దండెం మీద, రేపు అనకాపల్లి కట్టుకెళ్లడానికి ఉతికి ఆరేసుకున్న ఆకుపచ్చ చీర, ఇంకా అంచుల దగ్గర తడిగానే ఉంది.