కుడివైపు రెమ్మ

ఎడమకన్ను కటకానికి ఆనించి, కుడిచేత్తో గీస్తున్నాడాయన. సూక్ష్మదర్శినికి బిగించిన అద్దం పుణ్యమా అని నాడీకణమూ, పక్కనున్న కాగితమూ, పెన్సిలు మొనా ఒకేచోట కనిపిస్తాయి. కణం నుంచి పాయలుగా చీలిన కొమ్మల వెంట పెన్సిలు పోనిచ్చి, ఎన్నో లెక్క రాయడం ఆయన పని. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. అందుకే ప్రయోగశాలలో అందరికీ ఆయన చెట్లాయన. ఈ సాయంత్రంతో ఉద్యోగం సరి.

కణాలు పెంచిన ఈ చివరి గాజుగిన్నెలు ఒక పరిశోధకురాలివి. ఎదిగే మెదడులో ఒక ప్రోటీను నాడీకణాలకు కబురు పంపుతుందనీ, ఆ కబురు అందితేనే అవి గుబురుగా కొమ్మలు వేస్తాయనీ ఆమె నమ్మకం. సగం గిన్నెల్లో ఆ కబురు అందకుండా చేసింది. అవి ఏవో గీసేవాడికి తెలియకూడదు. జాబితా గుమాస్తా బీరువాలో ఉంది. నాలుగేళ్ళ శ్రమకు రేపు ఉదయమే పరీక్ష, ఫలితం పెద్దల ముందు పెట్టాలి.

మధ్యాహ్నం టీ తాగొచ్చి, కటకం తుడిచి, మళ్ళీ కూర్చున్నాడు. అప్పట్నుంచి పదకొండో కణం గీశాక చెయ్యి ఆగింది. కింద కుడివైపు చిన్న రెమ్మ. పదో దానికీ అక్కడే. తొమ్మిదో దానికీ అక్కడే.

కటకాన్ని మెల్లగా తిప్పాడు. కణం కదల్లేదు. రెమ్మ తిరిగింది.

తుడిచిన గుడ్డ తాలూకు పోగు.

కాగితాలు పట్టుకుని పరిశోధకురాలి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయ్, పదకొండూ తప్పే. కటకం మీది గుడ్డపోగుని కూడా కొమ్మగా లెక్క కట్టాను."

ఆమె కాగితాలు తిరగేసింది. "ఒక్కో రెమ్మేగా బాబాయ్. కొట్టేస్తే పోదూ?"

"దాని కింద నిజం కొమ్మ దాక్కుంటే?"

"రేపటికి అవుతుందా మరి?"

"చెయ్యి ఇంకా ఇక్కడిదే కదా, ఆరు దాకా."

ఇంతలో ఇంటినుంచి ఫోను. "ఏమండీ, ఇవాళైనా చెట్లు వదిలి ఇంటికొస్తారా, పక్కబట్టలు అక్కడికే పంపనా?"

"పదకొండు మళ్ళీ నాటాలోయ్."

"నాటండి. కాయలు కాశాకే రండి." నవ్వుతూనే పెట్టేసింది. ఆయనా నవ్వుకుంటూనే కొత్త కాగితం పరిచాడు.

పదకొండులో రెండింటికి పోగు చాటున నిజంగానే కొమ్మలున్నాయి. ఆరు దాటి నలభై నిమిషాలకు గుమాస్తా జాబితా తెచ్చాడు. ఆమె రెండుసార్లు కూడింది.

"తేడా ఉంది బాబాయ్. అనుకున్నంత లేదు."

"ఉన్నంతే చెప్పు. అదైతే నిలబడుతుంది."

ఆమె తలూపి, తన అంచనా అంకె కొట్టేసి, కింద ఈ అంకె వేసింది. ఆయన చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, రోజూలాగే "వస్తానమ్మా" అన్నాడు. ఆమె కూడా లెక్కలోంచి తలెత్తకుండా రోజూలాగే "మంచిది బాబాయ్" అంది. తలుపు మూసుకున్నాక గాని ఇవాళ ఆయన ఆఖరి రోజని గుర్తు రాలేదు.

లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది. కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల అంచున మడతపెట్టిన పాత తువ్వాలు, మోచేతులు ఆనిన చోట రెండు గుంటలతో.