చేదు చేతులు

మైత్రీవనం ముందు మంగవ్వ ముప్పై ఏళ్లుగా మక్క కంకులు కాలుస్తోంది. కంకిని పట్టకారుతోనే పడుతుంది. నిమ్మచెక్క ఎవరికి వారే రుద్దుకోవాలి. చిన్నప్పుడు ఊళ్లో మక్కచేనుకు వేపగింజల కషాయం పిండిన చేతులవి. ఎన్ని సబ్బులు అరిగినా చేదు పోలేదు. ఆమె ముట్టిన తిండల్లా చేదే.

"అవ్వా, నువ్వు ముట్టకు. రేపు పరీక్షుంది," అంటారు కోచింగ్ పిల్లలు.

"చదివినోన్ని చేదేం జేస్తది రా," అంటుంది మంగవ్వ.

మనవరాలు యశస్విని వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడు. ప్రాజెక్టు కోసం శ్రీనగర్ కాలనీలో తాముండే బిల్డింగు మేడ మీద నలభై తొట్లలో మక్క వేసింది. కత్తెరపురుగు మొవ్వుల్లో దూరి ఆకులను జల్లెడ చేసింది. మొక్కల కషాయంతోనే దాన్ని ఆపి చూపాలి. ప్రాజెక్టు చూసే కాలేజీ సార్ పదిరోజుల్లో వస్తాడు. పంట పోతే ఏడాది పోయినట్టే.

తొందరపడి ఆమె వేపగింజల పొడిని మరగబెట్టి చల్లింది. పురుగులు ఇంకా బలిశాయి.

"మరిగిస్తే గుణం పోతది," అంది మంగవ్వ. "రాత్రంత చల్లనీళ్లల్ల నానాలె. బట్టల గట్టి పిండాలె. పొద్దుగూకంగ కొట్టాలె."

"నువ్వే పిండు నానమ్మా. నీ చెయ్యి తగిల్తే ఒక్క పురుగుండది."

"నేను పిండితే నేను పాసైత. నువ్వు గాదు."

కష్టం అరువుకు దొరకదు. యశస్విని కిలో వేపగింజల పప్పు దంచింది, ఇరవై లీటర్ల నీళ్లలో నానబెట్టింది, మూట కట్టి పిండింది. మూడు మార్లు అలాగే చేసింది. అరచేతుల తోలు లేచింది. మూడో మారు కొట్టాక మొవ్వులు విప్పి చూస్తే పురుగులు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. కొత్త ఆకు చిల్లు లేకుండా విచ్చుకుంది.

సార్ తొట్లన్నీ చూశాడు. "ఎవరు పిండిన్రు?"

"నేనే సార్."

ఆయన ఆమె అరచేతులు చూసి సంతకం పెట్టాడు.

సాయంత్రం యశస్విని నేరుగా మైత్రీవనం వచ్చి, కంకి అందుకుని కొరికింది. మొహం ముడిచింది.

మంగవ్వ మనవరాలి అరచేతికి నాలుక కొస తగిలించింది. "చేదే," అంది, నడుము నిటారుగా చేసుకుని. తర్వాత తన వేలూ నాకి చూసుకుంది. చేదు లేదు.

వేడి కంకిని ఉత్త చేతుల్లోకి తీసుకుంది. నిమ్మచెక్క రుద్దింది. నాలుగు గింజలు ఒలిచి మనవరాలి నోట్లో పెట్టింది. ఇరవై ఒక్కేళ్లలో అదే మొదటిసారి.

"తియ్యగున్నయ్ నానమ్మా."

మంగవ్వ పట్టకారు తుడిచి ఆమె చేతికిచ్చింది.

"ఇగ ఇది నీది."