బరువు లేని పెట్టె

క్రిస్మస్ రోజు ఇంత ఎండ తన జన్మలో చూడలేదంది నాయనమ్మ. స్వెటర్లు విప్పి తీగ మీద పడేసి, బల్లను పెరట్లోకి మోసుకొచ్చి, చెట్ల కింద కూర్చున్నాం. చెట్లకు ఆకుల్లేవు. ఎండ నేరుగా కంచాల్లో పడుతోంది. ఏడాదికోసారి వచ్చే పిన్ని చెప్పులు విడిచి గడ్డిలో నడుస్తూ, ఇక తిరిగి వెళ్లేది లేదని అమ్మను ఆటపట్టిస్తోంది. నాకూ హాయిగానే ఉంది.

అంతలో పెరటి చివర మేం పెంచే పెట్టెల్లోంచి తేనెటీగలు బయటికొచ్చాయి.

"చూశారా బావగారూ, మీ ఈగలు కూడా షికారు బయల్దేరాయి" అంది పిన్ని.

నాన్న నవ్వలేదు. ఒక్క పువ్వూ లేని కాలంలో ఎగరాలంటే అవి దాచుకున్న తేనె తినే ఎగరాలి.

ఏటా కేకు కోసే ముందు ఇంట్లో ఎవరి పెట్టెను వాళ్లం ఎత్తి చూస్తాం. చలికాలంలో మూత తీయకూడదు. అందుకని వెనక చెయ్యి పెట్టి కాస్త లేపితే, బరువును బట్టి లోపల తేనె ఎంతుందో తెలుస్తుంది. నాయనమ్మ పెట్టె లేవనే లేదు. అమ్మది కొంచెం కదిలింది. నాది వేళ్లతోనే లేచిపోయింది. మెల్లగా దించి, పక్కన నిలబడ్డాను. నాన్న నా మొహం చూసి, తనూ వచ్చి ఎత్తాడు.

పాపం, నాన్న చేసిందే అది. ఈసారి చలి రాకపోయేసరికి నా ఈగలు ఆకలికి ఉండలేవని జాలిపడి, పోయిన నెల వాటికి పల్చటి చక్కెర నీళ్లు పెట్టాడు. పువ్వులు పూశాయనుకుని రాణి ఈగ గుడ్లు పెట్టేసింది. ఇప్పుడు లోపల నిండా పిల్లలు, దాచుకున్న తేనెంతా వాటిని మేపడానికే అయిపోయింది.

అమ్మ చక్కెర డబ్బా తెచ్చింది. పెట్టనా వద్దా అని అడిగింది.

"పెడితే రాణి ఇంకా గుడ్లు పెడుతుంది. పెట్టకపోతే ఉన్నవి చస్తాయి" అన్నాడు నాన్న. రేపో మాపో చలి దిగితే, ఈగలు పిల్లల్ని వదిలి తేనె దగ్గరికి కూడా పోలేక అక్కడే బిగుసుకుపోతాయట.

"గుప్పెడు చక్కెర కోసం ఇంత ఆలోచనా" అంది పిన్ని. ఆమెకు అర్థం కాలేదు. చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

నాన్న నా వైపు తిరిగాడు. "నాకేం పాలుపోవడం లేదమ్మా. నీ పెట్టె. నువ్వే చెప్పు."

అందరూ నన్నే చూశారు. నలుగురు చూస్తే నాకు మామూలు మాటే రాదు. పెట్టె ముందు ఒక ఈగ వాలి, నేల మీద పాకుతూ గుమ్మం ఎక్కలేకపోతోంది. వేలు అందించాను. అది వేలి మీదే ఆగిపోయింది.

పెట్టమన్నట్టు తలూపాను.

నాన్న చక్కెర నీళ్లు కలిపి పెట్టాడు. ఈగలు గిన్నె చుట్టూ ఎగబడ్డాయి. చూడముచ్చటగా ఉందంటూ పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుంది. నాన్న మాత్రం అటు చూడకుండా, కేకు కోద్దాం రమ్మన్నాడు.